కొనే ధర ఒకటి, నడిపే ధర ఒకటి

2002లో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో మైకేల్ షుమాకర్ చేతుల మీదుగా సచిన్ టెండూల్కర్‌కు ఎర్రటి ఫెరారీ 360 మోడెనా అందింది. టెస్టుల్లో బ్రాడ్‌మన్ 29 సెంచరీల లెక్కను అందుకున్నందుకు ఫియట్ కంపెనీ ఇచ్చిన కానుక అది. కారుకు పైసా పెట్టనక్కర్లేదు. అయినా మన దేశానికి తెచ్చేసరికి కోటి రూపాయలు దాటిన కస్టమ్స్ సుంకం ఎదురొచ్చింది. సుంకం మాఫీకి కేంద్రం సరేననడం, దాని మీద దుమారం రేగడం, వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లడం, చివరికి ఆ డబ్బు ఫియటే కట్టడం, అన్నీ వరసగా జరిగాయి. 2011లో సచిన్ ఆ కారును సూరత్‌కు చెందిన ఒక వ్యాపారికి అమ్మేశారు. ఈ దేశంలో ఎక్కువమందికి తెలిసిన సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు బహుశా అదే.

ఊరికే వచ్చిన కారుకే అంత ఖర్చు తగిలితే, ఏడెనిమిది లక్షలు చేతిలో పెట్టుకుని పాత స్పోర్ట్స్ కారు కోసం వెతికే ఉద్యోగి పరిస్థితి ఏమిటి? హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని కార్ కన్సల్టెన్సీల ముందు ఇలాంటివాళ్లు బాగానే కనిపిస్తారు. వయసు ముప్పై అటూ ఇటూ. ఇంట్లో అప్పటికే ఒక బండి ఉంటుంది. "రెండు తలుపుల కారేంట్రా, అమ్మ వెనక ఎలా ఎక్కుతుంది?" అని నాన్న అడిగే ప్రశ్నకు జవాబు ఉండదు. అయినా ఫోన్‌లో ఆ ఫొటోలు చూడటం మానలేరు. వాళ్లకు ఎదురయ్యే అసలు చిక్కు కారు ధర దగ్గర లేదు. పాతబడే కొద్దీ కారు ధర పడిపోతుంది గానీ, దాని విడిభాగాల ధర, మెకానిక్ కూలి, టైర్ల ధర పడవు. కొత్తలో పాతిక లక్షలు పలికిన కారు పదేళ్లకు ఏడు లక్షలకు దొరకవచ్చు. దాని గేర్‌బాక్సు మాత్రం పాతిక లక్షల కారు గేర్‌బాక్సే.

రెండు సీట్ల కల

పాత స్పోర్ట్స్ కారు మాట ఎత్తితే అమెరికాలోనైనా, బ్రిటన్‌లోనైనా ముందు వినపడే పేరు మాజ్డా మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించింది. టన్ను కూడా తూగని ఒళ్లు, ముందు 1.6 లీటర్ల చిన్న ఇంజిన్, దాని శక్తి అందేది వెనక చక్రాలకు, చేత్తో వెనక్కి మడిచే టాపు. మహా వేగంగా ఏమీ పోదు. అయితే ఆ తరహా పాత బ్రిటిష్ కార్ల మాదిరిగా వారానికోసారి దారిలో ఆగిపోయేది కాదు. 2016 ఏప్రిల్ నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇన్ని అమ్ముడైనది మరొకటి లేదని గిన్నిస్ పుస్తకం కూడా నమోదు చేసింది. అన్ని కార్లు ఉన్నాయి కనుకే అక్కడ వాటి విడిభాగాలు చవక, బాగుచేసేవాళ్లు ఎక్కువ. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇంజినీరు రెండు మూడు నెలల జీతంతో ఒక పాత మియాటాను ఇంటి ముందు నిలుపుకోగలడు.

దాన్ని ఇంటికి తెచ్చుకోవడం మాత్రం కుదరదు. మియాటాను మాజ్డా మన దేశంలో అమ్మలేదు. వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే దాని వయసు మూడేళ్లు మించకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, ఆపైన కారు ధరను మించే సుంకాలు. అమెరికా కారుకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి మొదటి మెట్టు మీదే కథ ముగుస్తుంది. జపాన్‌లో చవకగా దొరికే పాత స్పోర్ట్స్ కార్లు పాకిస్తాన్, శ్రీలంక, కెన్యాల దాకా వెళ్లినా మన రేవులకు రాకపోవడానికి ఈ నిబంధనలే కారణం.

మనవాళ్లు సొంతంగా ప్రయత్నించకపోలేదు. 1990ల చివర్లో గోవా కేంద్రంగా శాన్ మోటార్స్ 'స్టార్మ్' అనే రెండు సీట్ల కన్వర్టిబుల్ తెచ్చింది. ఫైబర్ గ్లాస్ ఒళ్లు, రెనో వారి 1.2 లీటర్ల ఇంజిన్. చూపులకు ముచ్చటగా ఉన్నా పరుగు మామూలుదే. 2015 ప్రాంతంలో డీసీ అవంతి వచ్చింది. ఇంజిన్ మధ్యలో, చూపు ఇటాలియన్, ధర 35 లక్షల పైచిలుకు. ఈ రెండూ ఇప్పుడు ఎప్పుడో ఒకటి అమ్మకానికి కనిపిస్తాయి. కొనేవాళ్లు అద్దం పగిలితే దొరకదని తెలిసి కొనాల్సిందే.

కాబట్టి తక్కువ డబ్బుతో మన దగ్గర స్పోర్ట్స్ కారు అంటే చాలావరకు హాట్ హ్యాచ్ అనో, వేగం ఎక్కించిన సెడాన్ అనో అర్థం. అమ్మానాన్నలను ఎక్కించుకుని గుడికి వెళ్లే బండే, బోనెట్ కింద మాత్రం వేరే గుండె.

సంతలో ఏమున్నాయి

ఈ సరుకును మూడు వరసలుగా చూడొచ్చు. మొదటి వరసలో ఇక్కడే తయారై ఇక్కడే వేలల్లో అమ్ముడైన కార్లు ఉంటాయి. 2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ వీటిలో పెద్ద పేరు. 1.2 లీటర్ల టర్బో ఇంజిన్, 105 హార్స్‌పవర్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్, అప్పటి ధర ఎనిమిది లక్షల లోపు. 2017 నాటి మారుతి బలెనో ఆర్‌ఎస్ ఒక లీటర్ టర్బోతో 102 హార్స్‌పవర్ ఇచ్చేది. 2018లో టాటా, కోయంబత్తూరుకు చెందిన జయెమ్ కలిసి తెచ్చిన టియాగో జేటీపీ మరీ చిత్రమైన బండి. ఆరున్నర లక్షలకే 114 హార్స్‌పవర్, దించిన సస్పెన్షన్, బోనెట్ మీద గాలి రంధ్రాలు. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో బలెనో ఆర్‌ఎస్, జేటీపీ రెండూ కనుమరుగయ్యాయి. 2021 నుంచి హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ ఆ ఖాళీని కొంత పూరించింది.

అదే వరసలో ఉన్నా విడిగా చెప్పుకోవాల్సింది ఫియట్ అబార్త్ పుంటో. 2015 అక్టోబరులో పది లక్షల లోపు ధరకు వచ్చింది. 1.4 లీటర్ల టీ-జెట్ టర్బో, 145 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, మాన్యువల్ గేర్లు. దాని ముక్కు మీది తేలు బొమ్మ చూసి మనసు పారేసుకున్నవాళ్లకు లెక్క లేదు. స్టీరింగ్ బరువుగా, చేతికి రోడ్డు తెలిసేలా ఉంటుంది. 2019 నాటికి ఫియట్ తన పేరుతో కార్లు అమ్మడం మన దేశంలో ఆపేసింది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఫియట్ వారి 1.3 డీజిల్ ఇంజిన్‌ను మారుతి, టాటా కూడా వాడుకున్నాయి. దాని సామాను ఊరూరా దొరుకుతుంది. టీ-జెట్ పెట్రోలుకు ఆ అదృష్టం లేదు. లీనియా టీ-జెట్ సెడాన్‌లో ఉన్నది అదే కుటుంబం ఇంజిన్ కాబట్టి, అబార్త్ యజమానులు లీనియా సామాను కోసం వెతుకుతూ ఉంటారు.

రెండో వరస అరుదైన కార్లది. 2016 నవంబరులో ఫోక్స్‌వ్యాగన్ మూడు తలుపుల పోలో జీటీఐని దిగుమతి చేసి 25 లక్షల పైన ధర పెట్టింది. 192 హార్స్‌పవర్, మొత్తం 99 కార్లు. పోలోకు పాతిక లక్షలా అని జనం ముక్కున వేలేసుకున్నారు. మరుసటి ఏడాది కంపెనీ ధరను 20 లక్షల లోపుకు దించాల్సి వచ్చింది. ఇవాళ అదే కారు అమ్మకానికి వస్తే బేరానికి లొంగదు. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌ది కూడా అదే దారి. 2004లోనే టర్బోతో వచ్చి పేరు తెచ్చుకున్న ఈ బండి 2017లో 230 హార్స్‌పవర్‌తో, 2020లో 245 హార్స్‌పవర్‌తో మళ్లీ వచ్చింది. చివరిది 200 కార్లే, ధర 36 లక్షలు. తక్కువగా వచ్చి, ఎక్కువమంది కోరుకునే కారు ధర మామూలు కార్లలా దిగదు. పరిమితమైన డబ్బున్నవాడికి ఇవి అందీ అందనట్టు ఊరిస్తాయి.

మూడో వరసే అసలు బోను. పాత ఆడీ టీటీ, మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే, బీఎండబ్ల్యూ జడ్4, మినీ కూపర్ ఎస్. కొత్తలో ముప్పై నుంచి డెబ్బై లక్షలు పలికిన ఈ కార్లు పన్నెండు, పదిహేనేళ్లకు ఒక కొత్త ఎస్‌యూవీ ధరకు వచ్చేస్తాయి. కన్సల్టెన్సీ ముందు నీడలో ఎర్రటి కన్వర్టిబుల్ మెరుస్తూ ఉంటే ఎవరికైనా అడుగు ఆగుతుంది. ఏనుగును కొనడానికైతే ఎలాగో డబ్బు పోగవుతుంది, మేపడానికే అవ్వదు. వీటిలో పైకప్పును మడిచే హైడ్రాలిక్ మోటారు పాడైతే, ఎలక్ట్రానిక్ డబ్బా ఒకటి మొండికేస్తే వచ్చే బిల్లు కొన్ని సందర్భాల్లో కారు ఖరీదులో నాలుగో వంతు ఉంటుంది. ధర అంత దిగడానికి కారణం ఆ బిల్లు రాబోతోందని అమ్మేవాడికి తెలియడమే.

గేర్‌బాక్సు గుట్టు

ఈ కార్లలో ఎక్కువగా భయపెట్టే పేరు డీఎస్‌జీ. రెండు క్లచ్‌లతో పనిచేసే ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఒక గేరులో ఉండగానే తర్వాతి గేరును సిద్ధంగా పెట్టుకుంటుంది. అందుకే రెప్పపాటులో మారుతుంది. పోలో జీటీ టీఎస్‌ఐలోనూ, పోలో జీటీఐలోనూ ఉన్నది డీక్యూ200 అనే రకం. దీని క్లచ్‌లు నూనెలో మునిగి ఉండవు. అమీర్‌పేట సాయంత్రంలా ముందుకు నాలుగడుగులు, ఆగడం, మళ్లీ నాలుగడుగులు వేసే ట్రాఫిక్‌లో అవి వేడెక్కి అరుగుతాయి. గేర్లను నడిపించే మెకాట్రానిక్ యూనిట్ చెడితే ఖర్చు లక్ష దాటుతుంది. 2013లో ఫోక్స్‌వ్యాగన్ ఈ ఏడు గేర్ల డీఎస్‌జీ ఉన్న 16 లక్షల కార్లను ప్రపంచమంతటా వెనక్కి పిలిచి నూనె మార్చింది. 230 హార్స్‌పవర్ ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో ఉన్నది నూనెలో మునిగే ఆరు గేర్ల రకం. ఒకే పేరు పెట్టుకున్నా రెండింటి మన్నిక వేరు. అమ్మేవాడు డీఎస్‌జీ అంటే ఏ డీఎస్‌జీ అని అడగాలి.

డీక్యూ200 తట్టుకోగల టార్కుకు కంపెనీయే 250 న్యూటన్ మీటర్ల హద్దు పెట్టింది. విదేశాల్లో మాన్యువల్ పోలో జీటీఐకి 320 ఇచ్చి, డీఎస్‌జీ జీటీఐని 250 దగ్గరే కట్టేయడానికి కారణం అదే. మరి మన కుర్రాళ్లు చేసేదేమిటి? పోలో కొన్న నెలలోపే ఇంజిన్ కంప్యూటర్‌ను రీమ్యాప్ చేయిస్తారు, అంటే శక్తి పెరిగేలా దాని ప్రోగ్రాము మార్పిస్తారు. "స్టేజ్ వన్ చేయించా అన్నా, పిక్‌అప్ చూడు" అంటారు. ఆ పిక్‌అప్ భారమంతా మోసేది గేర్‌బాక్సే. అలా మూడేళ్లు ఉరికించిన కారును అమ్మేముందు మళ్లీ కంపెనీ ప్రోగ్రాము ఎక్కించేవాళ్లూ ఉన్నారు. కొనేవాడికి పైకి ఏమీ తెలియదు. పాత సైలెన్సర్, పాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఏమయ్యాయని అడిగితే, వచ్చే జవాబును బట్టి కొంత కథ బయటపడుతుంది.

బోనెట్ మీద చెయ్యి

పాత బండిని చూడటానికి ఎప్పుడు వెళ్లాలంటే, అమ్మేవాడు నిద్రలేవకముందే అని తలపండిన మెకానిక్‌లు నవ్వుతూ అంటారు. అందులో నిజముంది. వెళ్లగానే బోనెట్ మీద అరచెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే, మీరు రాకముందే ఇంజిన్ ఒకసారి తిప్పారని అర్థం. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మొదటిసారి అందుకునే ఆ పది క్షణాల్లోనే గొలుసు చప్పుడు, నీలంపొగ, వణుకు బయటపడతాయి. వేడెక్కాక సగం జబ్బులు దాక్కుంటాయి.

తర్వాత టైర్ల దగ్గర కూర్చోవాలి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. మీటరు 28 వేల కిలోమీటర్లు చూపిస్తూ, 2017 నాటి కారుకు నాలుగు టైర్లూ 2022వి ఉంటే ఒక ప్రశ్న పుడుతుంది. 28 వేలు కూడా తిరగకముందే టైర్లు ఎందుకు మార్చారు? చాలాసార్లు జవాబు రెండే. అయితే మీటరు తిప్పి ఉండాలి, లేదా కారును ట్రాక్ మీద చీల్చి చెండాడి ఉండాలి. స్టీరింగ్ మీద తోలు నున్నబడి మెరుస్తుందా, బ్రేకు పెడల్ రబ్బరు అంచులు అరిగాయా, డ్రైవరు సీటు పక్క దిమ్మె కుంగిందా అన్నవి మీటరు కంటే నిజం చెబుతాయి. అద్దాల మీద కూడా తయారీ ఏడాది గుర్తులుంటాయి. ఒక్క తలుపు అద్దం మాత్రం కొత్తదైతే ఆ వైపు ఏం తగిలిందో అడగాలి.

పెయింటు మందం కొలిచే చిన్న పరికరం ఇప్పుడు చాలామంది దగ్గర ఉంటోంది. కంపెనీ పెయింటు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. ఒక చోట 130, పక్కనే 400 వస్తే అక్కడ టింకరింగ్ జరిగినట్టే. గీత పడితే టచప్ చేయించడం తప్పేమీ కాదు. రూఫు మీద, తలుపుల మధ్య స్తంభం మీద ఆ అంకె పెరిగితే మాత్రం వచ్చిన దారినే వెనక్కి వెళ్లడం మంచిది.

వరద బండిని పట్టుకోవడం మరో విద్య. 2015, 2023 డిసెంబరుల్లో చెన్నై మునిగింది. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ నీళ్లలో ఉన్నాయి. వేల కార్లు సీట్ల దాకా తడిశాయి. ఇన్సూరెన్సు కంపెనీలు పూర్తి నష్టంగా లెక్కగట్టిన బండ్లలో కొన్ని కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి, ఊరు మార్చి మళ్లీ అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే, లోపల చుట్టుకుని ఉన్న మొదట్లో బురద చార గీత గీసినట్టు కనిపిస్తుంది. అంత దూరం లాగి కడగాలని ఎవరికీ తోచదు. స్టెప్నీ కింద గుంటలో వేలు రాస్తే సన్నని ఒండ్రు అంటుకుంటుంది. సీటు కింది పట్టాల బోల్టుల మీద తుప్పు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము ఉంటే ఇంకేమీ అడగనక్కర్లేదు. పచ్చళ్ల జాడీ మూత తీసినట్టు ఏసీలోంచి పాత వాసన రావడం మరో గుర్తు. టర్బో, ఎలక్ట్రానిక్స్ నిండిన కార్లకు వరద నీళ్లు వెంటనే చంపని విషం లాంటివి. ఆరునెలల తర్వాత ఒక్కొక్క సెన్సరూ పోతుంది.

ఇవన్నీ అయ్యాక స్కానర్ పెట్టాలి. ఈ కార్లలో ఇంజిన్, గేర్‌బాక్సు, బ్రేకులు తలా ఒక కంప్యూటర్‌తో నడుస్తాయి. మీటరులో అంకె మార్చినవాడు మిగతా డబ్బాల్లోని అంకెలు మార్చడం చాలాసార్లు మరిచిపోతాడు. మూడు నాలుగు వేలు తీసుకుని అన్నీ చదివిచ్చే మెకానిక్‌లు హైదరాబాద్‌లో ఉన్నారు. మెకానిక్‌ను తెస్తాననగానే అమ్మేవాడి ముఖం మారితే, పరీక్ష అక్కడికి పూర్తయినట్టే.

కాగితం కథ

స్పోర్ట్స్ కార్లు ఎక్కువగా ఢిల్లీ, ముంబై, బెంగళూరుల నుంచి వస్తాయి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగకూడదన్న ఆదేశాలను 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించడంతో అక్కడి యజమానులు గడువు రాకముందే అమ్ముకోవడం మొదలుపెట్టారు. 2025 ఆగస్టులో ఆ యజమానులపై కఠిన చర్యలు వద్దని అదే కోర్టు చెప్పినా, అప్పటికే దక్షిణాదికి చేరిన కార్లు చేరిపోయాయి. డీఎల్ నంబరుతో ఉన్న కారు ఇక్కడి కారు కంటే లక్షో రెండు లక్షలో తక్కువ అనిపిస్తుంది. ఆ తేడాను తినేసేది లైఫ్ ట్యాక్స్.

వేరే రాష్ట్రం కారును పన్నెండు నెలలు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ముందు అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే ఫారం 28 కావాలి. తర్వాత ఇక్కడి ఆర్టీఏలో పన్ను. ఆ పన్నును మీరు కొన్న ఏడు లక్షల మీద లెక్కగట్టరు. కారు కొత్తలో పలికిన ధర చూసి, వయసును బట్టి తగ్గింపు ఇచ్చి లెక్కిస్తారు. కొత్తలో నలభై లక్షల ఆడీని పన్నెండు లక్షలకు కొన్నవాడు ఆర్టీఏ కౌంటర్ దగ్గర ఆ తేడా తెలుసుకుంటాడు. తెలంగాణలో 2024 మార్చి నుంచి టీజీ, ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే వరస నడుస్తున్నా, ఈ రెండు రాష్ట్రాల మధ్య కారు మారినా ఎన్‌వోసీ, పన్ను లెక్క తప్పవు.

ఒకే రాష్ట్రంలో కొంటే ఫారం 29, 30 చాలు. అప్పు తీరిన కారైతే బ్యాంకు సంతకంతో ఫారం 35 కూడా. "ఆర్సీ నెమ్మదిగా మార్చుకోండి సార్, తొందరేముంది" అనే మాటకు లొంగితే అమ్మినవాడికీ, కొన్నవాడికీ ఇద్దరికీ ప్రమాదమే. ఆర్సీలో పేరున్నవాడే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. 2023 ఏప్రిల్ నుంచి పాత వాహనాల డీలర్లు కూడా ఆర్టీవో దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. కారు తమ చేతిలో ఉన్నంతకాలం బాధ్యత వాళ్లదే.

అరుదైన కార్ల విషయంలో ఛాసిస్ నంబరును కాగితంతో పోల్చడం మరీ ముఖ్యం. 2020 డిసెంబరులో ముంబై పోలీసులు డీసీ అవంతి కార్ల వ్యవహారంలో కేసు పెట్టి అరెస్టులు చేశారు. ఒకే ఇంజిన్, ఛాసిస్ నంబర్లతో వేర్వేరు చోట్ల రిజిస్ట్రేషన్లు జరిగాయన్నది ఆరోపణ. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' పేరుతో సినీ నటుల ఇళ్లలో కూడా సోదాలు చేశారు. భూటాన్ నుంచి దొంగదారిన తెచ్చి, ఇక్కడి నంబర్లు వేసిన పాత వాహనాల కోసం ఆ వేట. సుంకం ఎగ్గొట్టింది మొదటి యజమానే అయినా, బండిని పోగొట్టుకునేది సోదా రోజున ఎవరి గ్యారేజీలో ఉంటే వాళ్లు.

మేత ఖర్చు

కారు ఇంటికి వచ్చాక ఇన్సూరెన్సు. అమ్మినవాడి నో క్లెయిమ్ బోనస్ కారుతో రాదు, అది అతని వెంటే వెళ్తుంది. 2022లో ఖరారైన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం 1000 నుంచి 1500 సీసీ కారుకు ఏటా 3,416 రూపాయలు, 1500 దాటితే 7,897. అబార్త్, పోలో జీటీ ఆ గీతకు ఇటువైపు ఉంటే, ఆక్టేవియా ఆర్‌ఎస్ అటువైపు. ఐదేళ్లు దాటిన కారుకు విడిభాగాల తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే పాలసీలు దొరకడం తగ్గుతుంది. తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత, రీమ్యాప్ చేసి సైలెన్సర్ మార్చిన కారుకు ప్రమాదం జరిగితే క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి దారి దొరికినట్టే.

పెట్రోలు మరో బెంగ. 2025 నాటికి బంకుల్లో మామూలుగా దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20. దాన్ని తట్టుకునే సామాను కొత్త కార్లలో తప్పనిసరి అయింది 2023 ఏప్రిల్ నుంచి. ఈ వ్యాసంలో పేర్లు వచ్చిన కార్లలో చాలావరకు అంతకు ముందువే. మైలేజీ కొంత తగ్గుతుందని పెట్రోలియం శాఖ కూడా ఒప్పుకుంది. రబ్బరు పైపులు, సీళ్ల సంగతి మీద వాదన నడుస్తూనే ఉంది. టర్బో బండ్లవాళ్లు కొందరు ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలు పోయించుకుంటారు. నెలకు ఆ తేడా ఎంతో ముందే లెక్కవేసుకోవడం మేలు.

ఇక నడిపేందుకు చోటు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగపు హద్దు గంటకు 120. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు కార్లు పరుగెత్తిన దారిలోనే మామూలు రోజున ఆటోల వెనక రెండో గేరులో పోవాలి. కారును నిజంగా విప్పి చూడాలంటే కోయంబత్తూరులో కరి స్పీడ్‌వేకో, చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకో ప్రయాణం కట్టాలి. మిగతా రోజుల్లో ఈ కారు జీవితం స్పీడ్ బ్రేకర్ల మీద ఏటవాలుగా ఎక్కి దిగడమే. దించిన సస్పెన్షన్ ఉన్న జేటీపీ, పెద్ద చక్రాలు, సన్నటి టైర్లు ఉన్న ఆక్టేవియా ఆర్‌ఎస్ వానాకాలం గుంతల్లో ఒక్క దెబ్బకు రిమ్ము వంగి కూర్చుంటాయి.

పది లక్షల లెక్క

పది లక్షలు ఉన్నాయనుకుందాం. కారుకు ఆరున్నర దాటకూడదు. ఒక లక్ష మొదటి నెల పనికి, అంటే నూనెలన్నీ, బ్రేకులు, టైర్లు, బ్యాటరీ. ఇంకో అర లక్ష ఇన్సూరెన్సు, పేరు మార్పిడి. మిగిలిన రెండు లక్షలు బ్యాంకులో కదలకుండా ఉండాలి, ఏదో ఒక రోజు వచ్చే పెద్ద బిల్లు కోసం. ఈ లెక్కకు సరిపడే కార్లు మొదటి వరసలోనే దొరుకుతాయి. భయం లేకుండా రోజూ ఆఫీసుకు వెళ్లాలంటే ఐ20 ఎన్ లైన్, ఆటోమేటిక్ కావాలి, గేర్‌బాక్సు చరిత్ర కాగితాలతో సహా చూపిస్తారంటే పోలో జీటీ, తక్కువ డబ్బుకు ఎక్కువ అల్లరి కావాలంటే టియాగో జేటీపీ. ఇంట్లో ఇంకో బండి ఉండి, సామాను కోసం నెల ఆగే ఓపిక ఉన్నవాళ్లకు అబార్త్ పుంటో. ఇరవై లక్షల దాకా వెళ్లగలిగితే సర్వీసు పుస్తకం పూర్తిగా ఉన్న ఆక్టేవియా ఆర్‌ఎస్ కోసం వేచి చూడొచ్చు, అమ్మేటప్పుడు ధర నిలబడుతుంది కూడా. అదే డబ్బుతో పాత జర్మన్ కన్వర్టిబుల్ కొనడమంటే తిరిగి ఇంకో పది లక్షలు సిద్ధం చేసుకోవడం.

2025 సెప్టెంబరు 22న కొత్త కార్ల మీద జీఎస్టీ తగ్గిన తర్వాత పాత కార్ల ధరల మీదా ఒత్తిడి వచ్చింది. బేరానికి ఇది కాస్త అనువు. అయితే అరుదైన కార్లవాళ్లు ఆ మాటకు చెవి ఒగ్గరు.

అబార్త్ కొన్నవాడు మొదటిరోజు ఔటర్ ఎక్కడు. తాళాలు అందగానే కారును షెడ్డుకు తోలుతాడు. టీ-జెట్‌కు ఉన్నది గొలుసు కాదు, టైమింగ్ బెల్టు. అది ఎప్పుడు మార్చారో పాత యజమానికీ సరిగ్గా గుర్తులేదు. తెగితే వాల్వులు, పిస్టన్లు ఢీకొని ఇంజిన్ ముక్కలవుతుంది. బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు వేరే ఊరి నుంచి పార్సిల్‌లో రావాలి. కారు ఐదురోజులు జాకీల మీద, ముందు చక్రం ఊడదీసి ఉంటుంది. ఆరోరోజు సాయంత్రం మెకానిక్ పాత బెల్టును తెచ్చి బల్ల మీద పెడతాడు. లోపలివైపు పళ్ల మొదట్లో వెంట్రుకలంత సన్నని చీలికలు కనిపిస్తాయి. కొన్నవాడు దాన్ని వేళ్లతో వంచి చూసి, గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకుంటాడు. మరునాడు తెల్లవారుజామున ఐదున్నరకు, ఇంట్లో ఎవరూ లేవకముందే, వీధిలో ఇంజిన్ అందుకున్న చప్పుడు.